కొట్టిన కాడనే కన్ను తెరుస్తది

పోయిన మంగళవారం ఉదయం నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద ఉన్నాను. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. సూపర్‌వైజర్ మేడం అద్దం తలుపు అవతల నిలబడి చేత్తో రమ్మని పిలిచింది. ఆమె మొహం చూడగానే నాకు అర్థమైంది. మంచాన ఉన్న మా అత్తమ్మ పోయింది. గ్లవ్స్ కూడా విప్పకుండా గోడకు ఆనుకున్నాను. "జల్దీ పో అమ్మా, బండి పెట్టిస్త" అంది మేడం.

మీలో మా అత్తమ్మను ఎరిగినవాళ్లు తక్కువ. కానీ ఇస్నాపూర్ దాటాక, మా కంపెనీ ప్రహరీ వెంట ఉన్న చెట్ల నీడలో మీరెప్పుడైనా బస్సు కోసం నిలబడి ఉంటే, ఆమె నీళ్లు పోసి పెంచిన చెట్ల కిందే నిలబడ్డారు.

ఆమెది గుమ్మడిదల దిక్కు పల్లె, భూమి లేని ఇల్లు. ఊహ తెలిసినప్పటి నుంచి నాట్లు వేసింది, కలుపు తీసింది. పొలాలు ప్లాట్లయ్యాక కూలి దొరకక కంపెనీలో చెట్ల పనికి కుదిరింది. చీర మీద ఖాకీ చొక్కా, తలకు తువ్వాలు, చేతిలో నీళ్ల పైపు. ఒక్క అక్షరం రాదు. నాట్లలో పదిమందితో పాటలు కట్టిన నోరు మాత్రం ఊరుకోలేదు. చెట్లకు నీళ్లు పెడుతూ ఒక్కతే కట్టుకునేది. రెండేసి చరణాలు, అంతే. బాగుందంటే, "ఏదో నోటికొచ్చిందిలే" అనేది. అది కవిత్వమని మాకూ చాలాకాలం తెలియలేదు.

నోరు మంచిదే కానీ మెత్తనిది కాదు. కూరలో ఉప్పెక్కువైతే గల్లీ అంతా వినపడేది. పెళ్లయిన కొత్తలో నాకు భయంగా ఉండేది. మూడేళ్లయినా నాకు పిల్లలు కలగలేదు. ఒకరోజు బోరింగు దగ్గర ఒకామె అందరి ముందూ అడిగింది. "ఏందక్కా, నీ కోడలు ఇంక నీళ్లోసుకోలేదా?"

నేను తల వంచుకున్నాను. అత్తమ్మ బిందె నడుముకెత్తుకుని, తాపీగా పాట అందుకుంది.

"నాటిన నాడే కాయలడిగితే ఎట్ల?
వేరు దిగనియ్యి, ఎండ తాగనియ్యి."

ఆ అడిగినామె మళ్లీ అడగలేదు. ఇంకో రెండేళ్లకు మా బిడ్డ పుట్టింది. పుట్టకపోయినా అత్తమ్మ మాట మారేది కాదని నాకు తెలుసు.

అలాంటి మనిషిని నేనొకసారి కాదనుకున్నాను. ప్యాకింగ్‌లో చేరిన కొత్త. తెల్లకోటు, తలకు టోపీ, ఏసీలో పని. మధ్యాహ్నం క్యాంటీన్ ముందు స్నేహితురాళ్లతో నిలబడి ఉంటే, బురద కాళ్లతో అత్తమ్మ ఎదురొచ్చింది. నేను ఇంట్లో మరిచిపోయిన టిఫిన్ డబ్బా తెచ్చింది. "ఎవరు?" అని ఒకమ్మాయి అడిగితే, "మా పక్కింటామె" అన్నాను. అత్తమ్మ వింది. డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. ఆమె ఉల్లిగడ్డ కోస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"ఎర్ర చిగురు ఎగిరెగిరి పడ్తది,
నాలుగు పొద్దులైతే అన్నీ పచ్చాకులే."

ఆ తర్వాత ఆమే నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. "ఉల్లిగడ్డ కోసేది నేనైతే ఏడ్సేది నువ్వాయె, లే, బియ్యం కడుగు" అంది. మర్నాడు నేనే వెళ్లి చెట్ల కింద ఆమె పక్కన కూర్చుని తిన్నాను. ఆ మాట ఆమె మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

మూడేళ్ల కింద మా ఆయన పనిచేసే రేకుల షెడ్డులో ప్రెస్సు మిషను కింద ఆయన కుడిచేయి పడింది. నాలుగు వేళ్లు పోయాయి. ఆరు నెలలు ఆ చేతిని తువ్వాలు కింద దాచుకుని మంచం మీదే గడిపాడు. అన్నం కలిపి పెట్టబోతే మొహం తిప్పుకునేవాడు. "ఇగ నేను దేనికి పనికొస్త?" అని గోడతో అనేవాడు.

ఆ రోజుల్లోనే కరెంటు తీగలకు అడ్డమని మా గల్లీ మూలన వేపచెట్టు కొమ్మలు కొట్టేశారు. నెల తిరిగేసరికి ఆ మోడు నిండా చిగుళ్లు. అత్తమ్మ కొడుకును రెక్క పట్టుకుని తీసుకుపోయి ఆ చెట్టు ముందు నిలబెట్టింది.

"పోయిన కొమ్మకు చెట్టు ఏడ్సుకుంట కూసోదు,
కొట్టిన కాడనే కన్ను తెరుస్తది."

ఆయన ఇంటికొచ్చి పడుకున్నాడు. మర్నాడు ఆమె కొట్టుకు వెళ్లి ఒక నోటుపుస్తకం, పెన్ను కొనుక్కొచ్చింది.

"కొడుకా, నాకు సదువు రాదు. నా పాటలు నువ్వు రాసిపెట్టకపోతే నాతోనే మట్టిల కలుస్తయి. నేను చెప్త, రాయి."

"ఏ చేత్తో రాయాలె?" అన్నాడాయన.

"ఉన్న చేత్తో రాయి."

ఎడమచేత్తో రెండు వాక్యాలకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. మూడో రోజు ఆయన కోపంతో పుస్తకం వాకిట్లోకి విసిరేశాడు. ఆమె తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, మళ్లీ ఆయన ముందు పెట్టింది. కొన్ని వారాలకు ఆయనే అడగడం మొదలుపెట్టాడు. "అమ్మా, ఈ మాట ముందటి పాటల గూడ ఉన్నది గద, మార్సు." "నువ్వే మార్సు, నేనొద్దన్ననా?" అనేది. ఇద్దరూ వాదులాడుకుంటుంటే నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. ఆరు నెలల తర్వాత మా ఇంట్లో ఆయన గొంతు వినపడసాగింది.

ఇప్పుడాయన ఒక కంపెనీ గేటు దగ్గర హాజరు రాస్తున్నాడు, ఎడమచేత్తోనే. రెండు పుస్తకాలు నిండాయి. మొదటి పేజీలో అక్షరాలు చిన్నపిల్లల గీతల్లా ఉంటాయి. రెండో పుస్తకం నేను ఆగకుండా చదవగలను.

ఆమె చెప్పినట్టు బతకడం నాకింకా రాలేదు. కోపమొస్తుంది, తొందరపడతాను. అయితే తొందరపడినప్పుడు ఆమె గొంతు వినిపిస్తుంది. అంతవరకు నాకు దక్కింది.

పోయేముందు ఆదివారం, మంచం బయట వెయ్యమంది. వాకిట్లో కానుగ పూసి ఉంది. చిన్నచిన్న పువ్వులు ఆమె తలమీద, బొంత మీద రాలుతుంటే దులపబోయాను.

"ఉండనియ్యే బిడ్డా. పువ్వు బరువుకు ఎవ్వలు సావరు" అంది కళ్లు మూసుకునే.

నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీశాను. ఆమె నిద్రపోయింది. ఎండ మంచం కోడు దాకా వచ్చి ఆగింది. తెల్లజుట్టులో ఒకటి, మెడ దగ్గర ఒకటి, తెరిచి ఉన్న అరచేతిలో రెండు, పువ్వులు రాలుతూనే ఉన్నాయి.