మిరపకాయలు పోసిన కాఫీ మర

“మర ముట్టుకోవద్దు. పాలు తెచ్చి నీ కప్పు పెడతాను.”

“నేనెందుకు ముట్టుకుంటాను, వెళ్ళిరండి.”

మా ఆయనకీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. చెప్పులేసుకుని వీధి చివరి పాలకేంద్రం దాకా వెళ్ళాడు, అక్కడే కూలబడ్డాడు. పాల ప్యాకెట్టు చేతిలోనే ఉందట. గుండె అన్నారు. ఆ మాటల్లో ప్రేమా లేదు, వీడ్కోలూ లేదు, ఒక మర ఉంది, ఒక కప్పు ఉంది. ఆ మరను నేను ముట్టుకోలేదు. ముట్టుకున్నవాళ్ళ మీద ఉన్న కోపమే ఇప్పుడు చెప్పబోతున్నాను. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే రాస్తున్నది మా ఆడబిడ్డ కూతురు. రాయవే, మీ అమ్మ గురించి వచ్చినా సరే రాయి.

నివురుగప్పిన కోపం ఇవాళ పొద్దున మళ్ళీ ఎందుకు రాజుకుందంటే, మా మేడమీద అద్దెకుంటున్న కొత్త పెళ్ళికూతురు ఫోను పట్టుకుని కిందికి దిగింది. ఇంట్లో ఎస్ప్రెస్సో పెట్టుకునే మిషను కొంటారట, అందులో బొమ్మ చూపించింది. తళతళా మెరుస్తోంది, ఇన్ని మీటలు, అన్ని దీపాలు. “పిన్నిగారూ, ఇది తీసుకోమంటారా? పాలు నురగ చేసే గొట్టం కూడా ఉందండీ. దీంతో మర ఊరికే ఇస్తున్నారు” అంది. ఏం మర అని అడిగాను. “ఏదో ఒకటి లెండి, గింజ పొడైతే చాలుగా” అంది. ఏదో ఒకటి. ఆ మాట వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని మెట్లెక్కేదాకా తిట్టాను. పాపం దానికేం తెలుసు.

మా ఆయన కారం మిల్లుల మేస్త్రి. చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా ఎక్కడ మిల్లు మొరాయించినా ఆయనకే ఫోను వచ్చేది. చిటికెడు కారం వేళ్ళ మధ్య నలిపి, ఇది బరక, ఇది సన్నం, ఇది మర వేడెక్కి మాడిన కారం అని చెప్పేవాడు. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా వాకిట్లోనే విప్పించేదాన్ని, లేదంటే గడప దాటకముందే నాకు తుమ్ములు మొదలయ్యేవి. పెళ్ళయిన కొత్తలో నేను ఏడుస్తున్నానని మా అమ్మ కంగారుపడి వచ్చింది కూడా. వచ్చి రెండు పూటలుండేసరికి ఆవిడ కళ్ళు కూడా నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి తల్చుకుని మా ఆడబిడ్డ నిట్టూర్చేదే గాని మేమిద్దరం ఎప్పుడూ నిట్టూర్చలేదు.

అలాంటి మనిషికి కాఫీ పిచ్చి ఎలా పట్టిందంటే, అమరావతి రోడ్డులో ఒక కాఫీ హోటలు వాళ్ళ మర ఆగిపోతే, వాళ్ళ మెకానిక్కు రాక, ఈయన్ని పిలిచారు. బాగుచేశాక చిన్న కప్పులో నల్లగా ఏదో పోసిచ్చారట. ఆ రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసి, “అది కాఫీ కాదే, సారం” అన్నాడు. మరి ఇన్నాళ్ళూ నేను పోసిందేమిటని అడిగాను. కూర బాగుందంటూ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. తెలివైనవాడే.

ఇక ఇంట్లోకి ఒకటి కొనాలన్నాడు. ఉన్నదంతా పెట్టి ఇదిగో, ఈ మేడమీది పిల్ల చూపించిందే, అచ్చం అలాంటి మెరిసే మిషనే తెచ్చాడు. పెట్టె మీద ఒత్తిడి ఇంత అని పెద్ద అంకె వేసుంది, దాన్ని చూసి మురిసిపోయాడు. మరకు చెయ్యి ఆడక, అడుగున కత్తి గిర్రున తిరిగే చిన్నది ఒకటి తెచ్చాడు. అది గింజను నూరదు, నరుకుతుంది. సగం రవ్వ, సగం దుమ్ము. మిషనులో పెడితే నీళ్ళు రవ్వలోంచి దారి చూసుకుని కొళాయి విప్పినట్టు బొళబొళా దిగిపోయేవి. ఒక గుక్క పులుపు, ఒక గుక్క చేదు. వారం రోజులు ఆ మెరిసే మిషనుని తిట్టి, ఒకరోజు పొడిని అరచేతిలో పోసుకుని చూసి, తల కొట్టుకున్నాడు. “బతుకంతా మరల్లోనే ఉండి, నేను కూడా మిషను చూసి పడిపోయానే. ఇలాంటి కారం పట్టిస్తే రైతు నా మీదే పోసిపోయేవాడు” అన్నాడు.

మెరిసే మిషను బజారులో బేకరీవాడికి అమ్మేశాడు. వాడు దాన్ని ఇప్పటికీ వాడడు, కేకుల పక్కన అలంకారానికి పెట్టుకున్నాడు. మంగళగిరిలో ఎవరో ఇల్లు మారుతూ అమ్ముతుంటే ఒక పాత మిషను తెచ్చాడు. చూడ్డానికి కుట్టు మిషను డబ్బాలా ఉంటుంది, ఒక మీట, ఒక గొట్టం, అంతే. మిగిలినదంతా మర మీద పెట్టాడు. రెండు పళ్ళ చక్రాలు ఒకదాని మీద ఒకటి తిరుగుతాయి, చుట్టూ ఉన్న రింగు తిప్పితే వాటి మధ్య సందు పెరుగుతుంది, తగ్గుతుంది. వెంట్రుకవాసి తిప్పినా కాఫీ మారిపోతుంది. మిషనుకంటే మరకు ఎక్కువ పెట్టడమేమిటని నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన మూడో రోజు రోటి పచ్చడి, మిక్సీ పచ్చడి పక్కపక్కన పెట్టి నన్నే నాకమన్నాడు. అప్పుడు నోరు మూసుకున్నాను.

అప్పట్నుంచి మా వంటిల్లు వర్క్‌షాపు అయింది. మిషను వెలిగించి, అది ఒళ్ళంతా వేడెక్కేదాకా ఆగాలి. పొడి తూకం వేయాలి, కంసాలి కాటా అంత చిన్న కాటా ఒకటి తెచ్చుకున్నాడు. మిషను చిల్లుల గిన్నెలో సమంగా సర్ది, పైనుంచి నిటారుగా అదమాలి. మీట నొక్కాక కాఫీ లేత తీగపాకంలా సన్నగా జారాలి. చుక్క చుక్కగా పడితే పొడి మరీ సన్నం, ధార కడితే బరక. ఒక్కోసారి ఒకటే మార్చాలి, తూకమూ రింగూ కలిపి మారిస్తే తప్పు ఎక్కడో తెలియదు అనేవాడు. పొద్దున్నే చేయడం, తాగడం, ఉమ్మడం, మళ్ళీ రింగు తిప్పడం. నాకు మాత్రం ఇచ్చేవాడు కాదు. “కుదిరినరోజు పెడతాను, అప్పటిదాకా నీ కాఫీ నువ్వు తాగు” అనేవాడు. కుదరని సరుకు గిరాకీకి ఇవ్వకపోవడం ఆయన మిల్లు అలవాటు. పెళ్ళాన్ని కూడా గిరాకీ చేశాడు.

ఆ రోజు పొద్దున కుదిరింది. చూస్తూనే ఉన్నాను. తీగపాకంలాగే జారింది, పైన తేనెరంగు నురుగు తెట్టెలా కట్టింది. గుక్క వేసి కళ్ళు మూసుకున్నాడు. ఉమ్మలేదు. మొత్తం తాగేశాడు. నాది పాలతో కావాలి, నల్లది నా వల్ల కాదు. చూస్తే పాలు లేవు. అందుకే వెళ్ళాడు.

పెద్దకర్మ దాకా నన్ను మూల కూర్చోబెట్టారు. మా వాళ్ళలో అది పద్ధతి, మొగుడు పోయినదాన్ని గదిలో ఒక మూల చాప మీద కూర్చోబెడతారు. లేవకూడదు, వంటింట్లోకి రాకూడదు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు మీద పడి ఏడుస్తారు. నేను ఏడ్చినప్పుడు ఏడ్చాను, లేనప్పుడు గోడవంక చూస్తూ ఒకటే అనుకున్నాను. మర అలాగే ఉంది. పైన గిన్నెలో ఆయన పోసిన గింజలు ఉన్నాయి. ఈ మూల లోంచి లేచిన రోజు నా కప్పు నేను పెట్టుకుంటాను. ఆయన కుదిర్చిన రింగు, ఆయన పోసిన గింజ. ఆ ఒక్క ఆశ మీద కూర్చున్నాను.

పెద్దకర్మ ముందురోజు వంటింట్లో మిక్సీ అరిచి అరిచి ఆగిపోయింది, వైరు కాలిన వాసన వచ్చింది. కాసేపు అల్మారా తలుపులు చప్పుడయ్యాయి. తర్వాత మా ఆడబిడ్డ గొంతు: “ఇదుగో, అన్నయ్య చిన్న మర ఒకటుందిగా, ఇది కారానికేగా.” నా ప్రాణం పోయినంత పనైంది. గుంటూరులో పుట్టి పెరిగిన మనిషికి మర కనిపిస్తే మిరపకాయలు తప్ప ఇంకేం తోస్తుంది. గింజ నలిగితే కరకరమంటుంది, ఎండుమిరప నలిగితే చర్రుమంటుంది. చర్రుమంది. “ఆపండి, మర ఆపండి” అని అరిచాను. గదిలో ఆడవాళ్ళందరూ నన్ను పట్టుకున్నారు. “పాపం, ఆయన మిల్లే గుర్తొస్తోంది పిచ్చితల్లికి” అని ఒకావిడ భోరుమంది. దాంతో మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. నేను లేవబోతే ఇద్దరు భుజాలు నొక్కారు. మజ్జిగ తాగించారు. ఈలోగా మిరపకాయల ఘాటు తలుపు సందుల్లోంచి వచ్చింది, అందరూ తుమ్ముతూ ఏడుస్తున్నారు, ఏడుస్తూ తుమ్ముతున్నారు. మర గుర్రుమని ఇరుక్కుని ఆగిపోయింది. నా గొంతు ఆ రోజు పోయింది, మళ్ళీ ఇదే వచ్చింది, ఈ బొంగురు.

మూల లోంచి లేచి నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. మర నోట్లో తొడిమలు, విత్తనాలు. ఇరుక్కుందని రింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పేశారు. గింజలు ఏవని అడిగితే మా ఆడబిడ్డ తాపీగా, “అవా, మాడిపోయిన శనగలనుకుని కాలవలో పోశానొదినా” అంది.

ఆ రోజు ఏమీ అనలేదు. ఇంటినిండా జనం, ఆవిడకీ అన్న పోయాడు. ఆ అనని మాట లోపలే ఉండిపోయి పుండయింది. ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని మర విప్పాను. నేను స్క్రూ తిప్పడం అదే మొదలు. పళ్ళు తోముకునే బ్రష్షుతో చక్రాల పళ్ళు తోమాను, కళ్ళు మండాయి, ముక్కు కారింది. పనికిమాలిన పాత గింజలు తెప్పించి పట్టించి పారబోశాను, ఘాటు పోయేదాకా. ఇప్పుడు రాస్తున్న ఈ పిల్లే మన్యం గింజలు తెచ్చిచ్చింది, వాళ్ళమ్మకు చెప్పకుండా. ఆయన అన్నవన్నీ గుర్తు చేసుకుని, ఒక్కోసారి ఒక్కటే మారుస్తూ, రోజూ పొద్దున ఆ మిషను ముందు నిలబడ్డాను. కాఫీ కోసం కాదు. కోపంతో. మీరు తిప్పేసిన రింగును నేను వెనక్కి తెస్తాను అని.

తెచ్చాను. ఒకరోజు తీగపాకంలా జారింది. పాలు పోసుకుని తాగాను. బాగుంది. కానీ ఆయనది ఇదేనా అని నాలుకను అడిగితే నాలుక ఏం చెబుతుంది. ఆయన కుదిర్చింది నేను తాగితే కదా పోల్చుకోవడానికి. అది చాలదన్నట్టు, ఆ గింజలు అయిపోయి కొత్త సంచి విప్పేసరికి అదే రింగు మీద బొళబొళా దిగిపోయింది. గింజ మారితే మర మళ్ళీ కుదర్చాలి. ముసురు పట్టినా అంతే, రోహిణి కార్తె ఎండకైనా అంతే. ఆ సంగతి ఆయనకు తెలుసు. ముట్టుకోవద్దన్నది ఆ పూట వరకే. మా ఆడబిడ్డ మిరపకాయలు పోయకపోయినా ఆ రింగు నాకు ఎన్నాళ్ళో ఆగేది కాదు. ఇది తెలిశాక కోపం తగ్గాలి కదా. తగ్గలేదు. ఎన్నాళ్ళో ఆగకపోతేనేం, ఒక్క కప్పు వచ్చేది. నాకు కావలసింది ఒక్క కప్పే.

సంవత్సరీకానికి మా ఆడబిడ్డ వచ్చింది. నేనే కాఫీ పెట్టి ఇచ్చాను. తాగి, గొంతు సవరించుకుని, “బాగుంది గానీ వెనక కాస్త గొంతు పట్టుకుంటోందొదినా, ఏం కలిపావు?” అంది.

“నేనేం కలపలేదు. నువ్వు పోసిందే, ఇంకా పోలేదు” అన్నాను.

కప్పు వంక చూసింది, మర వంక చూసింది. “శనగలు కావా అవి?” అంది. కావు అన్నాను. పాలు తేవడానికి ఆయన ఎందుకు వెళ్ళాడో అప్పుడు చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టలేదు, చివరి చుక్క దాకా తాగింది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఘాటుకో దేనికో నేను అడగలేదు. ఓదార్చలేదు కూడా.

మేడమీది అమ్మాయికి ఇవాళ సాయంత్రం మెట్ల దగ్గర చెప్పాను. ముందు మర కొనుక్కో, మంచిది కొనుక్కో, మిషను పాతదైనా పరవాలేదు. మర మీద ఎవరినీ చెయ్యి వేయనీకు. అసలైనది ఇంకొకటుంది. కుదిరిన రోజు మొదటి కప్పు నువ్వు తాగకు, మీ ఆయనకు ఇవ్వు. మీ ఆయన కుదిరిస్తే నీకు ఇమ్మను. పాలు లేకపోతే నల్లదే తాగండి. కాలం కూడా ఆ రింగు లాంటిదే, నిన్న కుదిరిన చోట ఇవాళ కుదరదు, ఎవరు తిప్పినా తిప్పకపోయినా జరిగిపోతుంది. అది తెలిసి కూడా నేను ఆ పొద్దున దగ్గరే నిలబడి ఉన్నాను.

చాల్లే, కలం మూయి. మీ అమ్మ మాట దగ్గరికొచ్చినప్పుడు నీ చెయ్యి నెమ్మదించింది, చూశాను. మాడిన శనగల మాట రాశావో లేదో, నా కోపం మెత్తబరిచావో ఏమో, నాకు చదవడం రాదు. ఏదీ, మొదట్నుంచి చదువు, వింటాను.