ఎనిమిదో నెల పిల్ల

2024, మాఘమాసం. రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర దగ్గర పడింది. ఆ రోజుల్లో వరంగల్‌లో ఎటు చూసినా బెల్లమే. దుకాణాల ముందు కాంటాలు పెట్టి, మొక్కుకున్న మనిషిని కూర్చోబెట్టి, ఆ మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి ఇస్తారు. సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే ఆ బెల్లాన్ని ఇక్కడ బెల్లం అంటే ఒప్పుకోరు, బంగారం అనాలి. నేను కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ముస్లిం పిల్లను. అయినా జాతర ఏడు వచ్చిందంటే మా ఇంట్లో బెల్లం కొనే పని ఉండేది కాదు. ఇరుగుపొరుగు తెచ్చిచ్చిన ప్రసాదంతోనే మా అమ్మ ఖీర్ వండేది.

నేను ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. నాకు నోరెక్కువని పేరు. లేబర్ రూమ్‌లో నోరు లేకపోతే పని నడవదని నా నమ్మకం. ఆ పొద్దున మాత్రం ఓపీలో బీపీ చూసే బల్ల దగ్గర కూర్చున్నాను.

వరుసలో ఒక పెద్దావిడ నిలబడి అందరికీ వినపడేటట్టు మురిసిపోతోంది. పేరు కొమురమ్మ. పర్వతగిరి వైపు నుంచి కోడలు రజితను చూపించుకోవడానికి తీసుకొచ్చింది. కోడలికి అంతకు ముందు రెండుసార్లు మొదటి నెలల్లోనే కడుపు పోయింది. ఈసారి నిలిస్తే కోడలి నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది.

"తల్లి దయ సిస్టర్! మొన్న ఐతారం కోడల్ని కూసోబెట్టి బంగారం జోకిచ్చినం. నిన్న తీస్కపోదామని పోతే దుకాణపాయన కోడల్ని మళ్లొక్కసారి జోకుదామన్నడు. ఇంకో పెద్ద ముద్ద ఏస్తేగాని కాంటా సమానం గాలే. తల్లి ఇంకింత అడుగుతాంది!"

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకామె "మంచిగ ఒళ్ళు జేసిందమ్మా" అని రజిత బుగ్గ గిల్లబోయింది. నాకు నవ్వు రాలేదు. కడుపుతో ఉన్న మనిషి నెలనెలా కొంచెం బరువు పెరుగుతుంది. వారం తిరక్కముందే బెల్లం ముద్దంత పెరిగిందంటే అది కండ కాదు, ఒంట్లో నిలిచిన నీరు. అప్పుడు రజిత వైపు సరిగ్గా చూశాను. గాజులు మణికట్టులోకి దిగిపోయి ఉన్నాయి. కాళ్ళకు మొగుడి చెప్పులున్నాయి. తనవి పట్టడం లేదట.

"తలకాయ నొస్తాందా?" అని అడిగాను.

"రెండు దినాల సంది సిస్టర్. కండ్ల ముంగట మిణుకుమిణుకు ఐతాంది. నిద్రలేక గట్లైతుందేమో అనుకున్న."

బీపీ చూశాను. నమ్మబుద్ధి కాక ఇంకో చేతికి కట్టి చూశాను. వీల్‌చైర్ కోసం నేను పెట్టిన కేక విని వరుస మొత్తం ఉలిక్కిపడింది. మూత్రంలో ఆల్బుమిన్ కూడా బాగా పడింది. ఆల్బుమిన్ అంటే ఒంట్లో ఉండాల్సిన ప్రోటీన్. అది మూత్రంలో పోతోందంటే మూత్రపిండాలు దెబ్బ తింటున్నాయని అర్థం. కడుపుతో ఉన్నప్పుడు బీపీ ఇలా పెరిగి, దానితో పాటు లోపలి అవయవాలు దెబ్బ తినడాన్ని ప్రీ-ఎక్లాంప్సియా అంటాం. పట్టించుకోకపోతే ఫిట్స్ వస్తాయి. తల్లీ పోవచ్చు, బిడ్డా పోవచ్చు.

ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టాం. అది ఎక్కుతుంటే ఒళ్ళంతా మంట పుడుతుంది. రజిత పళ్ళు బిగబట్టి పడుకుందే తప్ప ఒక్కసారి కూడా తీసెయ్యమనలేదు. డాక్టర్ మేడం వచ్చి చూసి ఉన్నమాట చెప్పింది. కాన్పు కావడం ఒక్కటే ఈ జబ్బుకు మందు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ తర్వాత నొప్పులు రప్పించాలి.

కొమురమ్మ లేబర్ రూమ్ వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"ఎనిమిదో నెలల కాన్పు జేస్తరా? వద్దు. ఏడో నెలల పుడ్తే బతుకుతది, తొమ్మిదిల పుడ్తే బతుకుతది. ఎనిమిదో నెలది నిలువది. తొమ్మిది పడనియ్యుండ్రి."

ఈ లెక్క నాకు కొత్త కాదు. మా ఇంట్లో మా మేనత్త కూడా ఇదే చెబుతుంది. ఎనిమిది కన్నా ఏడు ఎలా మేలవుతుందో ఆ పైవాడికే తెలియాలి. కానీ ఈ మాట మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, దీని కోసం పేషెంటును తీసుకుని లేచి వెళ్ళిపోయినవాళ్ళను కూడా చూశాను. మేడం ఓపిగ్గా చెప్పింది. నాకు అంత ఓపిక లేదు. "అవ్వా, తొమ్మిది పడేదాక నీ కోడలు ఉండాలె కదా!" అనేశాను. రజిత మొగుడు శ్రీకాంత్ ట్రాలీ ఆటో నడుపుతాడు. కబురు అంది వచ్చినవాడు తల్లి ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, చివరికి నేల చూపులు చూశాడు.

కొమురమ్మ నా వైపు తిరిగింది.

"నీకేం ఎరుక బిడ్డా. నా తొలుసూరు బిడ్డ ఎనిమిదో నెలల్నే పుట్టింది. పొద్దుగాల పుట్టింది, మాపటికి పోయింది."

ఆ సంగతి కొడుక్కి కూడా తెలియదని అతని ముఖం చూస్తేనే అర్థమైంది. అప్పుడు మంచం మీద నుంచి రజిత పిలిచింది.

"అత్తమ్మా, జర ఇటు రా. ఆ పిల్లను ఏడ కన్నవ్?"

"ఇంట్లనే. ఇంకేడ కంటం."

"ఎవలు సూసిండ్రు?"

"మా అత్త ఉండె. ఇంకెవలుంటరు."

"పాలు తాగిందా?"

"తాగనీకె దానికి పానం లేకపాయె. సలికాలం. పాత చీరల సుట్టి పండబెట్టినం. ఎదకు అదుముకున్నా కాళ్ళు, చేతులు, పెయ్యంతా సల్లబడ్డది."

రజిత మెల్లగా చెప్పింది. "మరి పిల్లను తీస్కపోయింది ఎనిమిదో నెలెట్లయితది అత్తమ్మా? సలి తీస్కపోయింది. ఈడ సలి లేదు. డాక్టరమ్మ ఉన్నది, సిస్టర్ ఉన్నది. నీ తప్పు గాదు, నెల తప్పు గాదు."

తల పగిలిపోతూ, ఒళ్ళు మండిపోతూ, తన ప్రాణమే నిలుస్తుందో లేదో తెలియని మనిషి, అడ్డం నిలబడిన అత్తను ఓదారుస్తోంది. ఇన్నేళ్ళ సర్వీసులో చాలామంది ధైర్యవంతులను చూశాను కానీ ఇలాంటి ధైర్యం చూడలేదు. కొమురమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దారి వదిలింది.

"కాగితం మీద సంతకం నేనే పెడ్త సిస్టర్. అక్షరాలు అలికినట్టున్నయి. జర నా చెయ్యి గీత మీద పెట్టు" అంది రజిత. పెట్టాను. తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో గీత దాటించి రాసింది.

మెగ్నీషియం ఎక్కుతున్నంతసేపూ మోతాదు మించకుండా కనిపెట్టుకుని ఉండాలి. అందుకని మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి కాలు ఎగురుతుందో లేదో చూస్తుంటాం. నాలుగైదుసార్లు ఓర్చుకుని రజిత అడిగింది: "ఊకె మోకాలి మీద కొడ్తానవేంది సిస్టర్, నేనేం తప్పు జేసిన?" లేబర్ రూమ్‌లో అందరం పకపకా నవ్వాం. ఆ మాటతో మాకే ధైర్యం వచ్చింది.

ఇంజెక్షన్లు పూర్తయ్యాక నొప్పులు రప్పించాం. బీపీ దిగినట్టే దిగి మళ్ళీ ఎగబాకుతోంది. రజిత నా చేతిని పట్టుకున్న పట్టుకు నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చిన వేళ ఆడపిల్ల పుట్టింది. సన్నగా, పీలగా ఉంది. మొదట చప్పుడు లేదు. మేడం తుడిచి, వీపు రుద్దుతుంటే నేను మనసులో అల్లాను తలుచుకున్నాను. అంతలో పిల్లికూన అరిచినంత ఏడుపు వినిపించింది.

"ఏడ్సిందా? ఏడ్సిందా సిస్టర్?"

"ఏడ్సింది తల్లీ. నీ లెక్కనే మాటకారి" అన్నాను. నా కళ్ళు తడిసినందుకు సిగ్గుపడలేదు.

కాన్పు అయింది కదా అని ప్రీ-ఎక్లాంప్సియా మరుక్షణమే వదిలిపెట్టదు. రజిత బీపీ ఇంకా భయపెడుతూనే ఉంది. మందు ఆపలేదు. మంచం దిగే పరిస్థితి లేదు. పిల్లను నెలలు నిండని బిడ్డలుండే వార్డుకు పంపాం. ఊపిరి బాగానే తీసుకుంటోంది. ఇక కావలసింది వెచ్చదనం. బిడ్డను బట్టల్లేకుండా మనిషి ఎద మీద ఆనించి పడుకోబెట్టే పద్ధతిని కంగారూ కేర్ అంటాం. తల్లికి కుదరకపోతే ఇంట్లోవాళ్ళు ఎవరైనా చెయ్యవచ్చు. కొమురమ్మను అడిగాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"నా పెయ్యి వద్దు బిడ్డా. నా ఎద మీద ఒకటి సల్లబడ్డది."

ఆ మాట రజితకు చేరవేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అత్తమ్మకే ఇయ్యుండ్రి సిస్టర్. ఆమె ఎద మీదనే ఎచ్చబడాలె."

అవతల జాతర మొదలైంది. ఊరివాళ్ళు ట్రాక్టర్ కట్టుకుని కొమురమ్మ కోసం ఆసుపత్రి గేటు దాకా వచ్చారు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె జాతర తప్పింది లేదు. బంగారం మాత్రం వాళ్ళ చేతికిచ్చి, "తల్లికి నా మాట చెప్పుండ్రి, నేను ఈడ పనిల ఉన్న" అని పంపించింది. వచ్చి కుర్చీలో కూర్చుంది. పిల్లను ఆమె ఎద మీద పెట్టి చీర కప్పాను. దగ్గితే పిల్ల ఎక్కడ కదులుతుందోనని దగ్గు కూడా మింగేది. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "కాళ్ళు పట్టుకొని సూడు సిస్టర్, ఎచ్చగనే ఉన్నయా?" నేను చూసి ఉన్నాయని చెబితేగాని ఊపిరి వదిలేది కాదు. రజితకు బీపీ తగ్గాక ఇద్దరూ వంతులు వేసుకున్నారు. వంతు అయిపోయినా అత్త పిల్లను వదిలేది కాదని కోడలు నాకు ఫిర్యాదు చేసేది.

ఆ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. జాతర ఏడు కడుపుతో ఉన్న ప్రతి మనిషినీ బీపీ బల్ల దగ్గర అడుగుతాను: "బంగారం జోకిండ్రా? ముందు ఎంతుండె, ఇప్పుడు ఎంతైంది?" నవ్వుకుంటూ చెబుతారు, నేను వింటాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఎవరైనా మొండికేస్తే అరిచే ముందు, ఎందుకు భయపడుతున్నారని అడుగుతాను. ఇది నాకు పుస్తకాలు చెప్పలేదు, రజిత చెప్పింది.

మొన్న 2026 జాతర అయ్యాక అత్తా, కోడలూ, పిల్లా ముగ్గురూ ప్రసాదం తీసుకొచ్చారు. పిల్ల ఓపీ అంతా పరుగులు. "ఈసారి దీన్ని కూడా జోకినం సిస్టర్, కాంటా మీద కూసోదు, కోతి!" అని రజిత నవ్వింది. ఆ రోజే వరుసలో ఒక ముసలామె మేడంతో గొడవ పెట్టుకుంటోంది. "ఎనిమిదో నెలల కాన్పా? పిల్ల నిలువదమ్మా" అంటోంది.

నేను నోరు తెరవబోయాను. నాకన్నా ముందే కొమురమ్మ వెళ్ళింది. పరుగెడుతున్న మనవరాలిని పట్టుకుని తెచ్చి ఆ ముసలామె చేతుల్లో పెట్టింది.

"ఇది ఎనిమిదో నెలదే అక్కా. ఎత్తుకొని సూడు, ఎంత బరువున్నదో."