గడి లేని జవాబు

బీబీఏ చివరి ఏడాదిలో గొర్రెల పెంపకం మీద ప్రాజెక్టు తీసుకున్నాను. కాపరులను అడిగి వంద ఫారాలు నింపాలి. మా క్లాసులో అందరిలాగే నేనూ ఎవర్నీ అడగకుండా, వికారాబాద్ నుంచి తాండూరు పోయే ప్యాసింజర్‌లో కూర్చుని సొంతంగా నింపేస్తున్నాను. సార్‌కి అనుమానం రాకుండా మూడు పెన్నులు మారుస్తున్నాను.

ధారూర్‌లో ఎక్కిన ఒక పెద్దామె ఎదురు సీట్లో కూర్చుని కాసేపు చూసింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"గొర్రెలు కాసేవాళ్లను అడిగి రాయాలమ్మా."

"మరి ఎవర్ని అడుగుతున్నవ్?"

నేను పెన్ను మూత పెట్టాను. ఆమె లేచొచ్చి నా పక్కన కూర్చుంది.

"నన్నడుగు. మాకు గొర్లున్నయ్."

ఆదాయం దేనిమీద అని అడిగాను. మాంసం మీదా, ఉన్ని మీదా, గొర్రెపిల్లల అమ్మకం మీదా?

"గవన్నీ ఎనక ముచ్చట. కంది కోసినంక రైతులు పిలుస్తరు. వాళ్ల చేన్ల మంద పండబెడ్తం. భూమికి ఎరువైతది, మాకు గింజలిస్తరు. గదే మాకు ఆసర."

నా ఫారంలో దానికి గడి లేదు. అంచున రాసుకున్నాను.

కాలేజీలో సార్ వంద ఫారాలూ తిరగేసి, ఆ ఒక్కటే బయటికి తీశారు.

"ఇది మిగతావాటితో కలవట్లేదమ్మా. తీసేసి ఇంకోటి నింపు."

నింపాను. మంచి మార్కులొచ్చాయి. ఆ ప్రాజెక్టు చూపిస్తేనే ఉద్యోగమూ వచ్చింది.

ఊళ్ల నుంచి వచ్చే సర్వే ఫారాలను తనిఖీ చేయడం ఇప్పుడు నా పని. ముందు అంచులు చూస్తాను. దాదాపు అన్నీ శుభ్రంగానే ఉంటాయి.