చెరువులో మా వంటింటి గోడ

చిన్నప్పుడు మా పెరటి గోడ దాటితే చెరువే... బెంగళూరులో మా వీధి అక్కడితో ఆగిపోయేది. పొద్దున్నే చేపలు పట్టే మునియప్ప మామ గుండ్రటి పుట్టి మీద చెరువంతా తిరిగి వల తీసుకొస్తే, అమ్మ గోడ మీంచి గిన్నె అందించేది. జిలేబి చేపలు... కడిగేలోపు ఒకటో రెండో గిన్నెలోంచి ఎగిరి తులసికోట దగ్గర పడేవి. వాటిని పట్టుకోవడం నా పని.

హిందూపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. నీళ్ళు చూస్తే అమ్మకు ప్రాణం లేచొచ్చేది. పనంతా అయ్యాక సాయంత్రం గట్టు మీద కూర్చుని ఊరికే అటు చూస్తూ ఉండేది... ఏం చూస్తున్నావంటే నవ్వేది.

నేను ఏడో తరగతిలో ఉండగా అనుకుంటా, చెరువులోకి ట్రాక్టర్లు రావడం మొదలైంది. ఎక్కడెక్కడో పడగొట్టిన ఇళ్ళ ఇటుకలు, సిమెంటు పెళ్ళలు తెచ్చి ఒడ్డున గుమ్మరించి పోయేవాళ్ళు. చూస్తుండగానే ఒడ్డు లోపలికి జరిగింది.

అమ్మకు కన్నడ మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. నాది కన్నడ మీడియం. అందుకని అర్జీ నా చేత రాయించింది.

"మా చెరువును చంపుతాండారు, అని రాయి పాపా."

"అట్ల రాయకూడదమ్మా. దయచేసి అని మొదలుపెట్టాలంట."

"సరే... దయచేసి చంపొద్దండి, అని రాయి."

ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. కొందరు సంతకం పెట్టారు. కొందరు కాఫీ ఇచ్చి, "మనకెందుకమ్మా" అని పంపారు. కార్పొరేషన్ ఆఫీసులో ఒకాయన అర్జీ తిరగేసి "నోడ్తీవి" అన్నాడు... చూస్తాం అని. మూడుసార్లు వెళ్ళాం. మూడుసార్లూ అదే మాట.

ఇక ఒకరోజు అమ్మ పిండి చేతులతోనే వెళ్ళి ట్రాక్టర్‌కు అడ్డం నిలబడింది. వెనకాలే నేనూ, మునియప్ప మామా.

"ఏమప్పా, నీకూ ఇల్లుండాది కదా? నీ ఇంట్లోకి ఎవరన్నా ఇట్ల తెచ్చి పోస్తే ఊరుకుంటావా?"

డ్రైవర్ ఆమెను చూసి, బండి వెనక్కి తిప్పుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఒక్క ట్రాక్టరూ రాలేదు. వీధిలో అందరూ అమ్మను మెచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆమె నడకే మారిపోయింది...

ఆ వేసవిలోనే నాన్న వంటిల్లు పెద్దది చేయించాలనుకున్నాడు. పని జరిగినన్నాళ్ళు దుమ్ములో ఉండొద్దని అమ్మనూ నన్నూ హిందూపురం పంపాడు. తిరిగొచ్చేసరికి కొత్త గోడలు, నున్నటి వంటగట్టు, పెద్ద కిటికీ. అమ్మ ముచ్చటపడి అన్నీ తడిమి చూసుకుంది.

మర్నాడు పొద్దున మునియప్ప మామ గోడ దగ్గరికి వచ్చాడు. చేతిలో చేపలు లేవు.

"అక్కా, ఒకసారి వచ్చి చూడు. నేను చెప్పేదానికంటే నువ్వు చూసేదే మేలు."

చెరువు గట్టుకు అవతలి వైపు కొత్త కుప్ప. దాని పైన ఒక నీలం రంగు గోడ ముక్క, అందులో సగం విరిగిన దీపం గూడు. గూటి చుట్టూ పసుపు, కుంకుమ బొట్లు... అవి అమ్మ పెట్టినవే. అది మా వంటింటి గూడు.

అమ్మ ఒంగి ఆ బొట్ల మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

ఇంటికొచ్చి నాన్నను అడిగింది. నాన్న తల వంచుకున్నాడు. "ట్రాక్టరాయన్ని ఎక్కడన్నా దూరంగా వేసి రమ్మంటిని లక్ష్మీ. ఎక్కడేస్తావని నేను అడగలే."

ఆ సాయంత్రం అమ్మా నేనూ గంపలతో ఆ ముక్కలు మోసుకొచ్చి పెరట్లో పోశాం. ఆరేడు గంపలకే చేతులు బొబ్బలెక్కాయి. కుప్ప తరిగినట్టే లేదు. నాన్న మెల్లగా అన్నాడు, "తెచ్చి మళ్ళీ ఎక్కడ పెట్టుకుందాం?" అమ్మ చేతిలోని గంప పక్కన పెట్టేసింది. నేనూ పెట్టేశాను...

వారం తర్వాత ట్రాక్టర్లు మళ్ళీ వచ్చాయి. "పోదాం రామ్మా" అని చెయ్యి పట్టి లాగాను.

"ఏ మొగం పెట్టుకోని అడగాల పాపా?" అంది. మళ్ళీ ఎప్పుడూ అడ్డం నిలబడలేదు.

తర్వాత కాలువ మురుగూ చెరువులోకే తిరిగింది. ఒక ఉదయం చేపలన్నీ తెల్లగా తేలాయి. మునియప్ప మామ పుట్టిని ఒడ్డునే వదిలేసి, కూతురి దగ్గరికి కోలారు వెళ్ళిపోయాడు. మాతో చెప్పి కూడా పోలేదు.

ఇప్పుడూ అదే ఇంట్లో ఉంటున్నాను, అమ్మ నాతోనే ఉంది. చెరువులో మిగిలిన ముక్క చుట్టూ ఇనుప కంచె, తాళం వేసిన గేటు, లోపల నురగ. మిగతా చోట అపార్ట్‌మెంట్లు. గట్టి వాన పడితే ఆ నీళ్ళకు పోయే దారి లేక మా ముందుగదిలోకే వస్తాయి. మొబైల్ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. ఎవరూ రాకుండానే 'పరిష్కరించబడింది' అని వచ్చింది.

పోయిన నెల వార్డు మీటింగుకు వెళ్ళాను. వచ్చింది ఐదుగురం. అందులో ఒకాయన, ఆ మిగిలిన గుంట కూడా పూడిస్తే దోమల బాధ పోయి పార్కింగ్ వస్తుందన్నాడు. ఇద్దరు తలూపారు. నేను లేచి మాట్లాడాను. మాట్లాడుతుంటే నా మాటల మీద నాకే నమ్మకం లేదని తెలిసిపోతోంది...

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, "ఏమన్నారు?"

"రాసుకున్నారమ్మా."

అమ్మ టీవీ శబ్దం కొంచెం పెంచుకుంది.

ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే ఆ చోట అపార్ట్‌మెంటు పేరే కనిపిస్తుంది. మా చెరువును నేరళెకెరె అనేవాళ్ళు... నేరేడు చెట్ల చెరువు. మీ ఇంటి పక్కన కూడా ఒకటి ఉండి ఉంటే, దాని పేరు కింద కామెంట్లో రాయండి. ఏదో అవుతుందని కాదు... పేర్లయినా ఒక్కచోట ఉంటాయని.