కొంగ మెడకు పట్టీ

మా డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళెవరూ నాకు గుర్తులేరు. అందరికీ కొంగ డ్రైవరే. మనిషి పొట్టి, మెడ పొడుగు. దేవుడు ఎత్తంతా ఒకేచోట ఖర్చు పెట్టేశాడని మెకానిక్కులు నవ్వేవాళ్ళు. స్టాపులో జనం ఎక్కడం అయ్యాక, నేను విజిల్ వేసినా సరే, ఆ మెడను కిటికీలోంచి బయటికి చాచి వెనక చక్రం దాకా ఒకసారి చూసుకుంటే గానీ బస్సు కదిలించేవాడు కాదు. అద్దాలున్నవి ఎందుకయ్యా అని ఎవరైనా అడిగితే, తల దువ్వుకోవడానికి అనేవాడు. తల మీద దువ్వుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

ఆయన బస్సులో నేను ఏళ్ళ తరబడి కండక్టరుగా పనిచేశాను. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గదా, ఆ సామెతను తిరగేసి కుట్టిన మనిషి ఆయన. రోడ్డు మీద లారీవాళ్ళు కూడా ఆయన హారన్ విని పక్కకు తప్పుకునేవాళ్ళు. గడప దాటి ఇంట్లోకి వెళ్ళాడంటే మాత్రం, మంచినీళ్ళు తాగాలన్నా వదిన మొహం చూసేవాడు. ఆ ఇంట్లో వదిన కాక ఇంకో పెత్తందారు కూడా ఉండేవాడు, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ముప్పై దాటాయి. ఒక ఉద్యోగం పై అధికారి మంచివాడు కాదని మానేశాడు, ఇంకొకటి కుర్చీ మంచిది కాదని మానేశాడు. మిగతావాటికి కారణాలు అడగొద్దు, నాకు ఒళ్ళు మండుతుంది.

దెబ్బ తగిలింది బస్సు ఆగి ఉన్నప్పుడే. ఎర్ర లైటు దగ్గర నిలబడి ఉంటే వెనకనుంచి ఇటుకల లారీ వచ్చి గుద్దింది. నేను టిక్కెట్లతో సహా ఒక పెద్దాయన ఒళ్ళో పడ్డాను. మా అన్న తల ముందుకు ఊగి, అదే వేగంతో వెనక్కి వచ్చి సీటు కమ్మీకి కొట్టుకుంది. ఆయన అదేమీ పట్టించుకోలేదు. దిగి, బస్సు వెనక ఎంత నలిగిందో చూసుకుని, లారీవాడి ఏడు తరాలనూ పలకరించి, మళ్ళీ ఎక్కి డిపోకి తోలుకొచ్చాడు. సాయంత్రానికి మెడ కర్రలా బిగుసుకుపోయింది.

కంపెనీ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఎముకకేమీ కాలేదన్నారు. కండరాలు ఒక్కసారిగా సాగి బెణికాయట, అంతే. మెడకు పట్టీ కట్టి ఫిజియోథెరపీ గదికి పంపారు. అక్కడున్నది మా కూతురి వయసు పిల్ల, నోరు మాత్రం వయసుకు మించినది. నేనే వెంట ఉన్నాను గనక ఆ అమ్మాయి అన్న మాటలు నాకు బాగా గుర్తు.

“ఈ పట్టీ నాలుగు రోజులకే. తర్వాత తీసి పారెయ్యండి. మెడ కండరాలు సోమరి అల్లుళ్ళ లాంటివి, కూర్చోబెట్టి మేపారంటే ఇక లేవవు.”

ఆ తర్వాత ఇంట్లో ఏం చెయ్యాలో చేసి చూపించింది. వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు మెడ మీద వేసుకోవాలి. అద్దం ముందు నిటారుగా కూర్చుని, భుజాలు కదలకుండా తల కుడికి తిప్పాలి. నొప్పి మొదలైనచోట ఆగి, మెల్లగా ఎడమకు తిప్పాలి. గడ్డాన్ని లోపలికి లాగి కాసేపు పట్టి వదలాలి. ఎత్తు దిండు తీసేసి, మెడ కింద ఒదిగేంత పలచటి దిండు పెట్టుకోవాలి. కొద్దిగా నొప్పి ఉన్నా మానొద్దనీ, ఇలా చేస్తే కొన్ని వారాల్లో స్టీరింగ్ పట్టుకోవచ్చనీ చెప్పింది.

మొదట్లో అన్నీ సవ్యంగానే జరిగాయి. ఈ ముక్క చెప్పకపోతే వదినకు అన్యాయం చేసినదాన్నవుతాను. నేను చూడబోయినప్పుడు ఆవిడే తువ్వాలు పిండి వేస్తోంది, వేడికి అరచేతులు ఎర్రబడి ఉన్నాయి. ఆయన అద్దం ముందు కూర్చుని తల తిప్పుతున్నాడు. మొదటిరోజు బీరువా అంచు దగ్గర ఆగిన చూపు అప్పటికి కిటికీ దాకా వెళ్తోంది. కిటికీ దాటి తలుపు కనిపించిందంటే బస్సెక్కినట్టే చెల్లెమ్మా అన్నాడు. ఆ సంతోషం చూసి నాకు కడుపు నిండినట్టయింది.

అప్పుడు దిగబడ్డాడు వదిన తమ్ముడు. అతను మా కంపెనీ హెడ్డాఫీసులో గుమాస్తా, రూళ్ళన్నీ నాలుక చివర ఉంటాయి. డ్యూటీలో దెబ్బతిన్న డ్రైవరు ఇక బస్సు నడపడానికి పనికిరాడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, అతన్ని ఇంటికి పంపించి అతని బిడ్డకు ఆఫీసులో ఉద్యోగం ఇస్తారు. కూర్చుని చేసే ఉద్యోగం, కుర్చీ కూడా మంచిదే. మెడ బాగైతే బావ మళ్ళీ బస్సెక్కుతాడు, మేనల్లుడు మళ్ళీ మంచమెక్కుతాడు. బాగవకపోతేనే అందరికీ లాభమని అక్కకు విడమరిచి చెప్పాడు. బావమరిది బతక కోరును, దాయాది చావ కోరును అన్నారు పెద్దలు. ఈ బావమరిది రెంటికీ మధ్యస్తంగా కోరాడు. బావ బతకాలి, బావ మెడ బతకకూడదు.

తర్వాత నేను వెళ్ళేసరికి తువ్వాలు దండెం మీద ఎండిపోయి ఉంది. అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టారు. ఆయన మెడకు పట్టీ మళ్ళీ ఎక్కింది, వెనకవైపు దాని పటకా కొక్కెం వదినే బిగించింది. పొద్దున, రాత్రి, స్నానం చేసి వచ్చిన వెంటనే, అన్నం దగ్గర, నిద్రలో కూడా పట్టీ ఉండాల్సిందే. వీధిలోవాళ్ళు ఎవరైనా చూసి కంపెనీకి చెబుతారట, ఎప్పుడు చూసినా రోగిలాగే కనబడాలట.

అంతటితో ఆగితే బాగుండేది. కొడుకు ఒక ఆట కనిపెట్టాడు. బోర్డు డాక్టర్లు గడుసువాళ్ళు, ఉన్నట్టుండి వెనకనుంచి పిలుస్తారు, అలవాటు మీద తల తిప్పావంటే కొంప మునిగినట్టేనని ఎవరో చెప్పారట. అందుకని వాడు వెనకనుంచి పిల్లిలా వచ్చి నాన్నా అని అరిచేవాడు. ఆయన అలవాటు చొప్పున తల తిప్పబోతే, తల్లీకొడుకులిద్దరూ కలిసి దులిపేసేవాళ్ళు. తిప్పకుండా బొమ్మలా ఉంటే మెచ్చుకునేవాళ్ళు. ఒకసారి నా ఎదురుగానే వదిన ఆయన వీపు వెనక ఒక స్టీలు పళ్ళెం కింద పడేసింది. నేను ఉలిక్కిపడి తిరిగాను. ఆయన ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ కూర్చున్నాడు. వదిన మొహంలో తృప్తి చూస్తే నాకు ఆ పళ్ళెం తీసి ఆవిడ నెత్తిన కొట్టాలనిపించింది.

కొట్టలేదు, అడిగాను. ఇదేం పాపం వదినా అన్నాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు.

“ఆయనకి ఇంకా ఎన్నాళ్ళుంది సర్వీసు? నా కొడుక్కి బతుకంతా ముందుంది. మెడ తిరక్కపోతే మనిషి చచ్చిపోడమ్మా.”

కన్నతల్లి లెక్క అది. అందుకే నాకు ఇంకా మండింది. ఆయనేమో మా ఇద్దరి మాటలూ వినబడనట్టు చేతిగోళ్ళు చూసుకుంటున్నాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి ఊరుకోలేదు, ఫోన్ల మీద ఫోన్లు చేసి పిలిపించింది. వదినే వెంటబెట్టుకుని వెళ్ళింది. వ్యాయామం చేస్తున్నారా అని ఆయన్ని అడిగితే, చేస్తున్నారు గానీ నొప్పి ఎక్కువవుతోందని వదిన చెప్పింది. ఆ అమ్మాయి పట్టీ విప్పి మెడ మీద వేళ్ళతో నొక్కి చూసి, అబద్ధమని మొహం మీదే అనేసింది. కండరం చిక్కిపోతోంది, ఇంకా కొన్నాళ్ళు ఇలాగే కట్టి ఉంచితే తర్వాత తను కాదు గదా ఎవరూ ఏమీ చెయ్యలేరని హెచ్చరించింది. వదిన అన్నిటికీ తల ఊపి, మళ్ళీ ఆయన్ని ఆ గది ఛాయలకు తీసుకెళ్ళలేదు.

మీకు అనుమానం రావచ్చు, ఈయనకు నోరులేదా అని. నాకూ వచ్చింది. ఒకరోజు డిపో గోడ దగ్గర నిలబడి, తన పాత బస్సును వేరే డ్రైవరు బయటికి తియ్యడం చూస్తూ కనిపించాడు. కళ్ళు మాత్రమే బస్సు వెంట పోతున్నాయి, కళ్ళు అందనంత దూరం పోయాక ఇక చూడటం మానేశాడు. ఎందుకన్నా ఇలా పడుంటావు, ఎదురు చెప్పలేవా అని తిట్టాను. అప్పుడు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

“ఇంట్లో ఎదురు చెప్పడం నావల్ల కాదు చెల్లెమ్మా. బోర్డు ముందు తిప్పేస్తాను. కుడికీ ఎడమకీ బ్రహ్మాండంగా తిప్పి చూపిస్తాను. డాక్టర్లే ఫిట్ అని రాసేస్తే ఇక వీళ్ళేం చేస్తారు? మెడ తిరిగింది, నేనేం చెయ్యను అంటాను.”

చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. జీవితంలో ఇల్లాలిని ఎదిరించడానికి ఆ మనిషికి దొరికిన దారి అదొక్కటే. నాకు నవ్వొచ్చింది, ముద్దొచ్చింది కూడా. ఇప్పుడు ఒకసారి తిప్పి చూపించమన్నాను. పట్టీతో ఎలా తిరుగుతుంది, విప్పితే పటకా మార్పు ఇట్టే కనిపెడుతుంది మీ వదిన అన్నాడు. స్నానాల గదిలోనన్నా చెయ్యమన్నాను. తాళం వేసిన ఇల్లు ఎక్కడికి పోతుంది, లోపల సామాను లోపలే ఉంటుందన్నాడు. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టిన బస్సు కదలదని మా డిపోలో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయన. ఆ మాటే అన్నాను. మనిషి బస్సా అని నవ్వాడు.

బోర్డు ఎప్పటికప్పుడు వాయిదా పడింది. ఒకసారి ఎముకల డాక్టరు సెలవు, ఒకసారి పెద్ద డాక్టరు బదిలీ. వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, ఎండలు ముదిరాయి. పటకా ఏనాడూ వదులవలేదు. దెబ్బ డ్యూటీలోనే తగిలిందని సాక్ష్యం చెప్పడానికి నన్ను కూడా పిలిచారు గనక ఆ రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. కొడుకూ బావమరిదీ తలుపు బయట, ఆయన కుర్చీలో, డాక్టర్లు ముగ్గురూ బల్ల వెనక. నా సాక్ష్యం రెండు మాటల్లో అయిపోయింది. పట్టీ విప్పమన్నారు.

విప్పి నా చేతికిచ్చాడు. బండ కింద గడ్డిలా మెడ పాలిపోయి, సన్నబడి ఉంది. కుడివైపు చూడమన్నాడు పెద్ద డాక్టరు. అన్న ముందు నావైపు చూశాడు, ఇక చూసుకో అన్నట్టు కళ్ళతో నవ్వాడు. తిప్పాడు. భుజం వచ్చింది, ఛాతీ వచ్చింది, కింద కుర్చీ కాలు కిర్రుమంది. మెడ రాలేదు.

భుజం కదపకుండా తిప్పమన్నారు. మళ్ళీ ప్రయత్నించాడు. కణతల మీద నరాలు ఉబ్బాయి, చెమట చుక్కలు గడ్డం దాకా జారాయి. కళ్ళు మాత్రం కుడి మూలకు పోయి అక్కడే కొట్టుకుంటున్నాయి. ఎడమకు తిప్పబోయాడు. అదీ అంతే. అప్పుడు ఆ మనిషి మొహంలో కనిపించిన భయం నేను లారీ గుద్దినప్పుడు కూడా చూడలేదు.

“తిరుగుతుంది సార్. ఒక్క నిమిషం ఆగండి. ఇప్పుడే తిరుగుతుంది.”

ఆ గదిలో డాక్టర్లు తిరగదు సార్ అనేవాళ్ళను ఎంతమందిని చూశారో. తిరుగుతుంది, ఆగండి అని బతిమాలినవాడు ఇతనొక్కడే. ఒక డాక్టరు పెదవి బిగబట్టి నవ్వాపుకున్నాడు, ఇదేదో కొత్త నాటకం అనుకున్నట్టున్నాడు. పెద్ద డాక్టరు మాత్రం లేచి వచ్చి, తలను రెండు చేతులతో పట్టుకుని తనే తిప్పబోయాడు. అన్న అమ్మా అని కేక పెట్టాడు. ఆ కేక నటన కాదని డాక్టరుకు తెలిసింది. పాపం, మంచిగానే చెప్పాడు. ఓపిగ్గా వ్యాయామం చేస్తే ముందు ముందు కొంత తిరగొచ్చు, బస్సు సంగతి మాత్రం మరిచిపొమ్మన్నాడు. కాగితం మీద అన్‌ఫిట్ అని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఏడవలేదు, కుర్చీలోంచి లేవడానికి నా చెయ్యి అడిగాడు.

వరండాలోకి రాగానే కొడుకు తండ్రిని వాటేసుకున్నాడు. తలుపు సందులోంచి అంతా విన్నాడట.

“అదరగొట్టేశావు నాన్నా. ఒక్క నిమిషం ఆగండి అన్నావు చూడు, దానికే పడిపోయారు. నీలో ఇంత కళ ఉందని తెలీదు.”

బావమరిది నా చేతిలోంచి పట్టీ లాక్కుని, ఇక దీంతో పనేముంది బావా, నీకు విడుదల అని చెత్తబుట్టలో పడేశాడు. పట్టీ ఆసరా లేక అన్న తల మెల్లగా ముందుకు వాలుతోంది. అరచెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఆపుకున్నాడు. కొడుకు మొహం చూడ్డానికి అడుగులు మార్చి ఒళ్ళంతా వాడివైపు తిప్పాడు.

“నేను నటించలేదురా” అన్నాడు.

కొడుకు మామయ్య భుజం మీద చరిచి పడీపడీ నవ్వాడు.

“చూశావా మామయ్యా, ఇంకా వదలట్లేదు.”

ఇద్దరూ నవ్వుకుంటూ వదినకు ఫోను చెయ్యడానికి మెట్లు దిగి వెళ్ళారు. నేను చెత్తబుట్టలోంచి పట్టీ తీసి, దుమ్ము దులిపి, ఆయన మెడకు కట్టాను.