బాపు కన్నా వెనుక పోవాలనుకున్న సార్

మా సైన్సు సార్ పోయారు. మొన్న బోధన్ బస్టాండులో చిన్ననాటి దోస్తు ఎదురై, "సార్ పోయిండ్రంట, ఎరికేనా?" అన్నాడు. కిడ్నీలు చెడి రెండేళ్లయింది. మిగిలిన కాస్తా ఈసారి ఎండలు తీసుకుపోయాయి. అరవై కూడా నిండలేదు. ఇద్దరం అక్కడికక్కడే వాళ్ల ఊరికి, రుద్రూర్ బస్సెక్కాం.

తొంభైలలో ఆయన మాకు పరిణామం పాఠం చెప్పేవారు. పుస్తకంలో కోతి బొమ్మ చూసి మేము ఇకిలిస్తుంటే, తన పొట్ట తట్టుకునేవారు. "నవ్వుండ్రి. వేల ఏండ్లు ఆకలికి అలవాటువడ్డ ఒళ్లురా ఇది. తీపి దొరికితే రేపటికని దాసుకుంటది. రేపు గూడ దొరుకుతదని దానికెవలు చెప్పాలె?"

"మరి ఒళ్లు మారదా సార్?" అని అడిగాను.

"మారుతది. గని దానికి గంత తొందర లేదు. మనమే తొందరపడ్డం."

చెరుకు కోతలు మొదలైతే సగం క్లాసు ఖాళీ అయ్యేది. సార్ కాలినడకన పొలాల వెంట తిరిగి పిల్లలను పిలుచుకొచ్చేవారు. గానుగ దగ్గర బెల్లం వండుతున్న చోటికి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం మా దిక్కు లేదు. మోదుగాకులో వేడి బెల్లం పెట్టిస్తే కాదనడం ఆ ఇంటివాళ్లను చిన్నబుచ్చడమే. షుగర్ ఉందని తెలిశాక కూడా ఆయన కాదనలేదు. "నేను బెల్లం వద్దంటే వాళ్లు పిలగాన్ని పంపుతరా?" అనేవారు. అట్లా బడికి తిరిగొచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆయన మీద కోపం చేసే హక్కు నాకు లేదు. అయినా కోపం వస్తుంది.

నెపమంతా బెల్లం మీద వేయలేను. నిజామాబాద్‌కు బదిలీ అయ్యాక స్కూటరొచ్చింది, నడక పోయింది. పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్లు, అన్నీ కుర్చీలోనే. అన్నీ తెలిసిన మనిషి అన్నీ తెలిసే కూర్చున్నారు.

పోయిన ఎండాకాలం చూడటానికి వెళ్లాను. కరెంటు పోయి కూలర్ ఆగిపోయింది, సార్ చెమటతో తడిసి ఉన్నారు. రుద్రూర్ నుంచి వచ్చిన వాళ్ల నాయన మంచం మీద కూర్చుని కొడుకు వాచిన కాళ్లు ఒత్తుతున్నాడు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, ఇంకా పొలం గట్టు మీద నడుస్తాడు.

"నాకు లేని రోగం నీకెట్లొచ్చె బిడ్డా?" అన్నాడు.

"నువ్వే గద బాపు సదివిస్తివి. తీస్కపోయి కుర్సీల కూసోవెట్టిండ్రు" అని సార్ నవ్వారు.

ముసలాయన కూడా నవ్వి, నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాడు. అప్పుడు సార్ నా చెయ్యి పట్టుకున్నారు. "నాకింకేం కోరిక లేదురా. బాపు కన్నా ఒక్క దినం ఎనుక పోవాలె. గంతే." పరీక్షల ముందు మాకు ధైర్యం చెప్పిన గొంతే అది.

సార్‌కు ఒక్కతే కూతురు. మేము రుద్రూర్ చేరేసరికి, సార్ తమ్ముడి కొడుకు చేత పాడె ముందు నిప్పుకుండ పట్టిద్దామని కులపెద్దలు అంటున్నారు. ముసలాయన ఒప్పుకోలేదు. "నా కొడుకు. నేనే పట్టుకుంట" అన్నాడు.

వట్టి కాళ్లతో ముందు నడిచాడు. దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయిన వాళ్లను చివరిసారి పిలిచి చూసేది అక్కడే. ఆయన వంగి కొడుకు చెవిలో, "లే బిడ్డా. నేనింకా ఉన్న గద" అన్నాడు. కాసేపు చూశాడు. మళ్లీ కుండ ఎత్తుకున్నాడు.

అక్కడి నుంచి కాటి దాకా ఎక్కడా నీడ లేదు. నలభై దాటని మేమంతా ఆయాసంతో తువ్వాళ్లు నెత్తిన కప్పుకుని వెనకబడిపోయాం. ముందు ఆయన ఒక్కడే, నడుము వంచకుండా, ఆ ఎండలో నిప్పు పట్టుకుని నడుస్తూ పోతున్నాడు.