ఇల్లు బాగుచేయడానికి లోను

నెలనెలా మినిమం డ్యూ మాత్రమే కడుతూ నేను ఇంట్లో చెప్పకుండా దాచిన క్రెడిట్ కార్డు బాకీ నిన్న బయటపడింది. వసూలువాళ్ల ఫోన్ మా ఆవిడ ఎత్తింది. తిట్టలేదు, వడ్డీ ఎంతో అడిగింది. ఈఎంఐగా మార్చినా, యాప్‌లో ఇంకో లోను తీసినా పడే వడ్డీ కంటే బంగారం మీద అప్పుకే తక్కువని తేలింది. తనే గాజులు తీసింది.

ఈ రోజు సాయంత్రం కూర్మన్నపాలెంలో గోల్డ్ లోన్ ఆఫీసుకు వెళ్లాం. గాజులు తూకం వేసినాయన "లోను ఎందుకమ్మా?" అనడిగాడు. పక్క కుర్చీలో మా కాలనీ ఆయన వింటున్నాడు.

"ఇల్లు బాగు సేయించుకోవాలి బాబూ," అంది మా ఆవిడ.

బయటికొచ్చాక అడిగాను. "నా కోసం అబద్ధం ఎందుకాడేవ్?"

"అబద్ధమేటి? మనిల్లు బాగుసేసుకోవాలా, అక్కర్నేదా?"

అక్కడే నిలబడి కార్డు బాకీ మొత్తం ఫోన్లో కట్టేశాను. తిరుగు బస్సులో తను కమ్మీ పట్టుకుని నిలబడింది. చేతికి మట్టిగాజులే మిగిలాయి. చూడలేక కిటికీ వైపు తిరిగాను.

మినిమం కడుతున్నాం కదా అని ధీమాగా ఉన్నవాళ్లు నాలాగా ఇంకెవరైనా ఉన్నారా? ఫోన్ రాకముందే ఇంట్లో ఎలా చెప్పాలో తెలిసినవాళ్లు కింద రాయండి. నాకైతే చేతకాలేదు.